సైనా మేష్టారి సుక్క

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. దోమని చూసి డేగ అంటాను. మా ఇంట్లో పాలు పొంగితే ఊళ్ళో వరదొచ్చిందని రాస్తాను. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక వంతు తీసి పారేసి, మిగిలిన పాతికని కూడా పక్కింటావిణ్ణి అడిగి గానీ నమ్మదు. ఇది నా తప్పు కాదు, ఊరి అలవాటు. మా సింహాద్రి అప్పన్నకి ఏడాది పొడుగునా ఒంటినిండా చందనమే. లోపలున్న స్వామి ఎలా ఉంటాడో జనం చూసేది ఏడాదికి ఒక్కరోజు. నేను రాసే మనుషుల సంగతీ అంతే. ముందు మణుగులకొద్దీ చందనం పూస్తాను. ఈసారి మాత్రం చివర్లో గీకి నిజరూపం చూపిస్తానని మాటిస్తున్నాను. ఎందుకంటే ఈ మనిషి నన్ను వదలడం లేదు. పోయి నాలుగేళ్ళవుతున్నా మొన్నటిదాకా నా నోట్లోనే ఉన్నాడు.

నోట్లో అంటే నోట్లోనే. పై వరస, ముందు పన్ను. ఆయన చేతి పని అది. మొన్న ఆదివారం మా ఆవిడ జంతికలు చేసింది. ఆ జంతికల సంగతి తెలిస్తే ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళు లారీ వేసుకుని వచ్చి పట్టుకుపోతారు. ఒకటి కొరికాను. టక్కుమంది. జంతిక నిక్షేపంలా ఉంది. అంగిలికి తొడుక్కునే కట్టుడు ప్లేటు మీంచి పన్ను ఊడి నా అరచేతిలో పడింది.

పన్ను అడుగున, ఇన్నాళ్ళూ ప్లేటుకి అతుక్కుని ఎవరికీ కనబడని చోట, ఒక నల్ల చుక్క ఉంది. ఆవగింజలో సగం.

ఎంతసేపు చూశానో తెలీదు. "పన్నే కదా, అంత బెంగేటి?" అంది మా ఆవిడ. బెంగ కాదు. చచ్చిపోయినాయన వెనకనుంచి వచ్చి భుజమ్మీద చెయ్యేసి "బావా" అన్నట్టయింది.

వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర ఒక సందులో ఉండేది ఆయన పళ్ళ దుకాణం. బోర్డు మీద రెండు దవడల బొమ్మ. తనే వేసుకున్నాడు. ఆ పళ్ళు ఎంత నిజంగా ఉండేవంటే ఊరకుక్కలు బోర్డు కిందికి రాగానే తోక ముడిచి అవతలి పక్కకి దాటేవి. లోపల ఒక కుర్చీ, కాలితో తొక్కే మర, గోడకి వెదురుపొదల బొమ్మలు, ఆయన కుంచెతో రాసుకున్న వాళ్ళ అక్షరాలు.

కలకత్తాలో పుట్టిన చీనా మనిషి ఆయన. తూర్పున ఏదో కొండల ఊరి కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పేవాడు. నక్షత్రాల లెక్కలు ఆయన చదువు, కుంచె ఆయన ప్రాణం. చైనా యుద్ధమొచ్చినప్పుడు మొహం చూసి పట్టుకెళ్ళి ఎడారిలో ఒక క్యాంపులో పెట్టారు. బయటికొచ్చేసరికి ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. పళ్ళు కట్టడం వాళ్ళ నాన్న వృత్తి. ఆ పనిముట్లు పట్టుకుని మా ఊరొచ్చాడు. ఈ సంగతులన్నీ ఒక్కసారే చెప్పాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. మళ్ళీ అడిగితే "నోరు తెరు బావా" అనేవాడు. నోరు తెరిచినవాడు ప్రశ్నలు వెయ్యలేడు కదా.

తలుపు వెనక మేకుకి ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడుతుండేది. అందులో తువ్వాలు, సబ్బు, ఒక లుంగీ, ఒక కుంచె. సందులో జీపు ఆగిన చప్పుడైతే చాలు, ఆయన చేస్తున్న పని మానేసేవాడు. చెయ్యి దానంతటదే ఆ సంచి మీదికి పోయేది. జీపు వెళ్ళిపోయాక చెయ్యి వెనక్కొచ్చేది. ఒకసారి నా దవడలో పట్టకారు ఉండగా జీపొచ్చింది. అది కదిలేదాకా నేను పట్టకారు కరుచుకుని కూర్చున్నాను. ఏడాదిపాటు కూర్చున్నానని మావాళ్ళతో చెప్పాను.

మా వైపు నోళ్ళలో 'చ' నిలవదు. చేపలు సేపలు, చీర సీర. అలాగే చైనా సైనా అయింది, ఆయన సైనా మేష్టారయ్యాడు. తెలుగు ఎవరి దగ్గర నేర్చుకున్నాడనుకుంటున్నారు? దుకాణం మెట్టు పక్క చేపలగంప దించుకునే నూకాలమ్మ దగ్గర. అందుకని చిట్టి కళ్ళూ, పచ్చటి మొహమూ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆ మనిషి నోరు విప్పితే చేపలవాళ్ళ జాలారిపేట మొత్తం బయటికొచ్చేది. "ఏటి బావా, పన్ను సలుపుతందేటి? రా, కూకో." గుంటూరు వైపునుంచి కొత్తగా వచ్చిన ఒక బ్యాంకాయన ఆ మాటలు విని, వచ్చింది పంటినొప్పికని మర్చిపోయి, నవ్వుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు.

నూకాలమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి చెప్పాలి: చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, మూతి మూసుకుని తాగడం. మా వైపు ఆడవాళ్ళకి పాత అలవాటు. ఫిజిక్సు చదివిన మనిషి ఇది చూసి ఊరుకుంటాడా? ఒకరోజు థర్మామీటరు పట్టుకొచ్చాడు.

"ఓలమ్మ! ఈ గొట్టవేటి నా నోట్లో ఎడతన్నావు?"

"ఎంత ఏడో సూత్తన్నాను అత్తా."

"నా ఏడి నీకెందుకురా నాయినా! నీ ఇంట్లో పొయ్యి నేదేటి?"

థర్మామీటరు ఫట్టున పగిలి, పాదరసం కాలవలు కట్టి పోర్టు దాకా పారింది. ఆవిడ పళ్ళన్నీ పోయాక ఆయనే మొత్తం వరస కట్టాడు. అద్దంలో ఆ తెల్లపళ్ళు చూసుకుని "సవానికి ఎట్టినట్టున్నాయిరా" అని ఏడుపు మొహం పెట్టింది. ఆయన మారు మాట్లాడకుండా పళ్ళు వెనక్కి తీసుకుని, సన్నకుంచెతో ఒక్కో పంటికీ నలభయ్యేళ్ళ చుట్టపొగ పట్టించి ఇచ్చాడు. ఈసారి ఆవిడ అద్దాన్ని వదల్లేదు. "ఇయ్యి నాయే" అంది.

దుకాణం ముందు ఒక రాతిపలక ఉండేది. రోజూ పొద్దున్నే దాని మీద కుంచెని నీళ్ళలో ముంచి ఒక అక్షరం రాసేవాడు. ఉత్త నీళ్ళే. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని అది ఆరేదాకా నిలబడేవాడు. చూసేవాళ్ళకి పిచ్చి. కానీ అక్షరం ఆరే తీరు చూసి గాలిలో తేమ ఎంతుందో పట్టేసేవాడు. నూకాలమ్మ గంప దించుతూనే అడిగేది.

"మేష్టారూ, ఎండుసేపలు ఆరెయ్యొచ్చా ఇయ్యాల?"

"ఒద్దత్తా. అచ్చరం ఇంకా ఆరనేదు. సేపలెక్కడ ఆరతాయి?"

పేటలో రేడియో ఉన్నవాళ్ళు కూడా దాన్ని కట్టేసి ఆయన్నే అడిగేవాళ్ళు.

నాకు కుంచె పట్టడం నేర్పమన్నాను ఒకసారి. నేను పోర్టులో గుమాస్తాని, చేతిరాత బాగుంటుందని గీర. ఆయన నా చేత ఒక చుక్క పెట్టించాడు. చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ ఊపాడు.

"గీత ఎవుడైనా గీసేత్తాడు బావా. సుక్కెట్టడవే కష్టం. కుంచె దిగాల, ఆగాల, లేవాల. మనిషి బతుకంతా ఉంటాది అందులో."

తర్వాత ఆకాశం వైపు చూపించి అడిగాడు, రాత్రి అక్కడ కనబడేవాటిని ఏమంటారని. చుక్కలంటామన్నాను. వానకి ముందు రాలేది? అదీ చుక్కే. నూకాలమ్మ కోడలు ముగ్గుకి ముందు పెట్టేది? అదీ చుక్కే. ఆయన కుంచె కింద పెట్టేశాడు.

"మా బాసలో రాసే సుక్కకీ వాన సుక్కకీ ఒకటే మాట. మీరు నచ్చత్రాన్ని కూడా కలిపేసినారు! ఇంత గొప్పోళ్ళు, తెలీకుండా సేపలమ్ముకుంటన్నారేటి బావా?"

"ఇంకోటుంది మేష్టారూ. సాయంత్రం సారా కొట్టుకెళ్ళి ఏసుకునేది కూడా సుక్కే" అన్నాను.

అంత నవ్వు ఆయన దగ్గర నేను మళ్ళీ వినలేదు. ఆ నవ్వుకి హార్బర్లో ఓడలు లంగరు తెంపుకున్నాయి.

మా దగ్గర ఇంకో అలవాటు కూడా నేర్చుకున్నాడు. ఆఫీసరు ఎదటపడితే మేం భాష మార్చేస్తాం. ఇంట్లో బాస ఇంట్లో వదిలేసి, పుస్తకాల తెలుగు తొడుక్కుంటాం. మన మాటకి వాళ్ళు నవ్వుతారని భయం. నూకాలమ్మ దగ్గరికి మునిసిపాలిటీ ఆఫీసరు వచ్చాడంటే చూడాలి. నోట్లో 'స' అన్నదల్లా 'చ' అయిపోయేది. "చముద్రం చేపలు బాబూ! చంతలో ఇలాంటివి దొరకవు. చత్యంగా చెప్తన్నాను!" ఆయన వెళ్ళాక మేష్టారు అడిగేవాడు.

"అలగ మాటాడేవేటత్తా?"

"పెద్దోళ్ళ కాడ మన బాస మాటాడకూడదురా. మరేద తక్కువ."

ఆయన బుద్ధిమంతుడు. మర్యాద అంటే తల ఊపి గుర్తుపెట్టుకునేవాడు.

ఇక అసలు సాయంత్రానికొస్తాను. డెబ్భై ఒకటి డిసెంబరు, పాకిస్తాన్‌తో యుద్ధం రోజులు. నేవీ ఉన్న ఊరు కదా, పొద్దు వాలగానే ఊరంతా చీకటి. కిటికీలకి నల్లకాగితాలు. వీధిలో చుట్ట వెలిగిస్తే కేకలేసేవారు. నూకాలమ్మని మాత్రం ఏమీ అనలేకపోయారు. ఆవిడ నిప్పు లోపల, ఏ విమానానికి కనబడుతుంది? దేశరక్షణకి అడ్డపొగే మేలని ఆవిడ ఊరంతా చెప్పుకుంది.

ఊరు దీపాలార్పుకుంటే సముద్రం మీద చుక్కలు పొర్లిపోయాయి. అన్ని చుక్కల్ని మా ఊరి నెత్తి మీద అంతకుముందు ఎవరూ చూడలేదు. కొన్ని చోటు చాలక నీళ్ళలో పడ్డాయి. మేమందరం విమానాల కోసం పైకి చూస్తుంటే ఆయనొక్కడూ చుక్కల కోసం చూశాడు. కుంచె, డబ్బాలో నీళ్ళు పట్టుకుని బీచి రాతిగోడ దగ్గరికి పోయాడు. పైన ఏ చుక్క ఎక్కడుందో చూసుకుంటూ గోడ మీద తడిచుక్కలు పెడుతున్నాడు. దిగాలి, ఆగాలి, లేవాలి.

నేనక్కడే ఉన్నాను, నూకాలమ్మా ఉంది. జీపొచ్చింది. ఆయన చెయ్యి గాల్లో సంచి కోసం వెతికింది. సంచి లేదు, దుకాణంలో ఉంది. చీనా మొహం, ఎదురుగా హార్బరు, గోడ మీద గుర్తులు. మళ్ళీ ఆ ఎడారికి పోవడానికి ఇంకేం కావాలి?

ఇనస్పెక్టరు పై జిల్లాలనుంచి కొత్తగా వచ్చినవాడు. వెనక హెడ్డు కానిస్టేబులు, మా అక్క మొగుడు. అంటే నాకు సొంత బావ.

"గోడ మీద ఏంటవి? గుర్తులా?"

"గుర్తులే సార్! కానీ ఆరిపోతన్నాయి సార్!" అన్నాడొక కానిస్టేబులు.

"ఆరిపోకుండా పట్టుకో!"

ఆ కానిస్టేబులు రెండు చేతులూ చాచి గోడని వాటేసుకున్నాడు. చేతులు తీసేసరికి అక్కడ రాయి తప్ప ఏం లేదు.

ఇనస్పెక్టరు మేష్టారి వైపు తిరిగాడు. "ఏం చేస్తున్నావయ్యా ఇక్కడ?"

"సుక్కల కోసం వచ్చేను బాబూ."

"సుక్కలేంటి?"

మా హెడ్డు బావ ముందుకి దూకాడు. "సుక్కంటే మందు సార్. మా ఏపు అలగే అంటారు. సారా సుక్క. ఈడొట్టి తాగుబోతు సార్."

చుట్ట నోట్లోంచి తీసి నూకాలమ్మ అందుకుంది. "చత్యం బాబూ! చాయంత్రం నుంచీ చుక్క మీద చుక్క వేచుకుంటన్నాడు. నా కళ్ళారా చూచాను!"

ఇనస్పెక్టరుకి నవ్వొచ్చింది. "ఏమయ్యా, నిజమేనా? చుక్కేనా?"

కాఫీ కూడా తాగని మనిషి, అబద్ధమాడటం తెలియని మనిషి, మొహం పైకెత్తి ఆకాశం వైపు చూస్తూ, "సుక్కే బాబూ" అన్నాడు.

ఒక్క మాట. అటు అబద్ధం కాదు, ఇటు జైలు లేదు. జీపు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు దుకాణం మూసి ఉంది. కలకత్తా వెళ్ళాడనుకోండి. ఎండాకాలంలో తిరిగొచ్చాడు. రాతిపలక మీద మళ్ళీ అక్షరం రాయలేదు. "ఎండుసేపలు ఆరెయ్యొచ్చా మేష్టారూ?" అని నూకాలమ్మ చాన్నాళ్ళు అడిగింది. "రేడియోలో సెప్తారత్తా" అనేవాడు. సందులో నడిస్తే తల వంచుకుని నడిచేవాడు. దీపావళి బాణాసంచాకి ఊరంతా పైకి చూసినా ఆయన చూసేవాడు కాదు. మందు గొడవతో గట్టెక్కిన మనిషికి ఇంత బెదురెందుకని మీరడగొచ్చు. అడగకండి. అక్కడ చందనం కాస్త మందంగా ఉంది.

నా పన్ను కట్టింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. స్కూటరు మీంచి పడి ముందు పన్ను పోగొట్టుకున్నాను. అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై ఊరు దీపాలతో నిండిపోతోంది. కుర్చీలో వెనక్కి వాల్చి నా నోట్లోకి వంగాడు. ఎంతకీ తల ఎత్తడు.

"ఏటి సూత్తన్నావు మేష్టారూ?" అన్నాను, వేళ్ళ సందులోంచి.

"మంచి సీకటి ఉంది బావా నీ నోట్లో. ఊళ్ళో ఇంక ఇలాటి సీకటి నేదు."

నాకు నవ్వు రావాలి. రాలేదు.

పన్ను పెట్టాక ఆయన దగ్గర ఒక పరీక్ష ఉండేది. ముందు పన్ను కుదిరిందో లేదో చూడ్డానికి ఒక మాట అనిపించేవాడు.

"సుక్క అను బావా."

"చుక్క."

ఎన్నో నెలలుగా సందులోంచి గాలిపోయి సుక్క, సుక్క అంటున్నవాణ్ణి. 'చ' ఖంగుమని పలికింది. మెచ్చుకుంటాడనుకున్నాను. చెయ్యి కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇంక నువ్వు ఆఫీసర్ల కాడికి ఎల్లొచ్చు."

ఆయన పోయింది వానాకాలంలో. పొద్దున్నే తలుపు తట్టి, తోసుకెళ్ళింది నూకాలమ్మే. రోగులు కూర్చునే కుర్చీలో తను వాలి ఉన్నాడు. తల వెనక్కి, నోరు కొంచెం తెరుచుకుని. ఆవిడ బయటికొచ్చి సందులోవాళ్ళని పిలిచిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఓలమ్మ, రండర్రా! మేష్టారు పైకి సూత్తన్నాడు!"

మొన్న చుక్క కనబడ్డాక నేను ఊరుకున్నానా? ఆయన దగ్గర పళ్ళు కట్టించుకున్న ముసలివాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. గ్లాసుల్లో నానుతున్న పళ్ళు తీసి, ఊడబెరికి చూశాను. ప్రతి పంటి కిందా ఒక చుక్క! పోస్టుమాస్టరు నోట్లో ఒక చుక్క, చర్చి పాటల పెద్దాయన నోట్లో రెండు, నూకాలమ్మ నోట్లో ఒక పెద్ద గుంపు. ఎవరిల్లు ఎక్కడుందో గీసి చూస్తే, ఆ సాయంత్రం గోడ మీద ఆరిపోయిన ఆకాశమంతా ఊరి నోళ్ళలో పరుచుకుని ఉంది. మనం నవ్వుతూ, తిట్టుకుంటూ, చేపముళ్ళు నములుతూ ఆయన చుక్కల్ని మోసుకు తిరుగుతున్నాం.

సరే. గీకుతాను.

థర్మామీటరు పగల్లేదు. కుక్కలకి బోర్డు భయం లేదు. జంతికలు మెత్తగానే ఉన్నాయి, ఈ వాక్యం మా ఆవిడ దగ్గరుండి రాయించింది. ఎవరి పళ్ళూ నేను ఊడబెరకలేదు. చూసింది నా ఒక్క పన్ను. అదీ సిరా చుక్కో, జిగురు మరకో ఒట్టేసి చెప్పలేను. మిగతావాళ్ళ పళ్ళు ఇంకా ఊడలేదు.

అసలు పూత వేరే ఉంది. ఆ సాయంత్రం బీచిలో నేను లేను. పోర్టులో డ్యూటీలో ఉన్నాను. మా హెడ్డు బావ చెప్పగా విన్నదే. ఇనస్పెక్టరు వచ్చింది నిజం. ఏం చేస్తున్నావని అడిగింది నిజం. మేష్టారు లేచి నిలబడ్డాడట. ఎదురుగా ఉన్నది ఆఫీసరు. మా దగ్గర నేర్చుకున్న మర్యాదంతా కూడగట్టుకుని, నూకాలమ్మ బాస పక్కన పెట్టి, ఒక్కో అక్షరం ఏరుకుని జవాబు చెప్పాడట.

"నక్షత్రముల స్థానములను గుర్తించుచున్నానండి."

అంత మంచి తెలుగు. ఆ మొహంతో, ఆ చీకట్లో, హార్బరు ముందు.

జీపెక్కించారు. సంచి తెచ్చుకోనివ్వమని అడిగాడట, అదీ పుస్తకాల తెలుగులోనే. నూకాలమ్మ దుకాణానికి పరిగెత్తి, సంచి తీసుకుని, జీపు వెనకాల పరిగెత్తింది. అందిందో లేదో చీకట్లో మా బావకి కనబడలేదు. ఎండాకాలందాకా ఆయన ఎక్కడున్నాడో, ఏం పెట్టారో, మాకెవరికీ తెలియదు. వచ్చాక అడిగితే "నోరు తెరు బావా" అన్నాడు.

'సుక్కంటే మందు సార్' అన్న మాట అక్కడ ఎవరూ అనలేదు. ఎలా అంటారు, ఆయన సుక్క అననేలేదు కదా. అది నాకు మొన్న ఆదివారం తట్టింది, అరచేతిలో పన్ను పెట్టుకుని కూర్చున్నప్పుడు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో నవ్వించేవాడినని పేరు నాకు. నవ్వించాల్సింది ఒక్క ఇనస్పెక్టరుని, ఒక్క సాయంత్రం.

పన్ను అతికించుకోమని మా ఆవిడ పోరుతోంది. ఆఫీసులో మర్యాదగా ఉండదట. ఇవాళ పొద్దున్న అద్దం ముందు నిలబడి ఆయన పరీక్ష నేనే పెట్టుకున్నాను. అను బావా, అన్నాను.

సందులోంచి గాలి పోయింది.

"సుక్క."

మళ్ళీ అన్నాను.

"సుక్క."